ముందు ఫోర్కులో ఏ ఆయిల్ పోయాలి, అసలు మార్చాల్సింది ఆయిలేనా? విశాఖ డ్యూయల్ స్పోర్ట్ రైడర్లకు ఎంపిక సలహా

అనంతగిరి ఘాట్ దిగుతున్నప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు పట్టగానే నా బండి ముక్కు కిందికి కూలబడిపోయేది. నాది ఎక్స్‌పల్స్ 200, తారు రోడ్డుకూ మట్టి దారికీ పనికొచ్చే డ్యూయల్ స్పోర్ట్ బండి. అప్పటికి ఇరవై రెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లోకి వచ్చి మెకానిక్‌కి చూపిస్తే, "షాకులు మెత్తబడిపోనాయి బాబూ, చిక్కటి ఆయిలు ఏసేత్తే గట్టిపడిపోద్ది" అన్నాడు. సరేనన్నాను. ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుంగి లేచే రెండు కాళ్లలో, వేశాడు.

ముక్కు దిగే వేగం తగ్గింది. దిగే లోతు మాత్రం తగ్గలేదు. పైగా కొత్త బాధ ఒకటి మొదలైంది. హైవే మీద వరసగా వేసే రంబుల్ స్ట్రిప్పులు దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కిపోయేవి. కంకర తేలిన దారిలో ముందు చక్రం నేలను పట్టుకోకుండా రాయి నుంచి రాయికి ఎగిరేది. రెండు నెలలు అలాగే నడిపి, ఆ ఆయిల్ తీసేయించి, స్ప్రింగు పైన స్పేసరు అనే గొట్టం ముక్క పెడితే సగం నయమైంది. నా బరువుకు తగిన గట్టి స్ప్రింగు వేశాక మిగతా సగం పోయింది. అప్పుడు నాకు అర్థమైన విషయం చుట్టూనే ఈ సలహా అంతా తిరుగుతుంది: బరువు మోసేది స్ప్రింగు. కదలిక వేగాన్ని ఆపేది ఆయిలు. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతే రెండూ చెడతాయి.

విశాఖలో ఉండేవాళ్లకు ఈ తేడా మిగతా ఊళ్లవాళ్లకంటే ఎక్కువ తెలుస్తుంది. పొద్దున ఆర్.కె. బీచ్ నుంచి భీమిలి దాకా నున్నటి తారు రోడ్డు, ఉప్పు గాలి. మధ్యాహ్నానికి శృంగవరపుకోట దాటి ఘాట్. సాయంత్రానికి అరకు, పాడేరు వైపు ఏదో ఒక ఊరికి రాళ్ల బాట. ఈ మూడింటినీ ఒకే ఫోర్కు భరించాలి.

## ఫోర్కు విప్పకముందే చూడాల్సినవి

ముందు టైరులో గాలి చూడండి. 21 అంగుళాల ముందు చక్రంలో గాలి ఎక్కువైతే రాయి దెబ్బ నేరుగా చేతికి వస్తుంది, మనం దాన్ని ఫోర్కు తప్పు అనుకుంటాం. తర్వాత కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు. సెంటర్ స్టాండు వేసో, ఇంజిన్ కింద దుంగ పెట్టో ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గాడిలో పడినట్టు ఆగితే ఆయిల్ మార్చి లాభం లేదు, కోన్ సెట్ పోయింది. ఇక పంక్చరు వేసినప్పుడు చక్రం తీసి, ఇరుసును తొందర తొందరగా బిగించేస్తే రెండు కాళ్లూ సమాంతరంగా ఉండవు, ఫోర్కు బిగుసుకుపోతుంది. ఇరుసు పట్టే క్లాంపు బోల్టులు వదులు చేసి, ముందు బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు బిగించండి. "షాకులు గట్టిగా ఉన్నాయి" అనే ఫిర్యాదు ఈ ఒక్క పనితో పోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ సరిగ్గా ఉంటే శాగ్ కొలవండి. అంటే బరువుకు ఫోర్కు ఎంత కుంగుతోందో చూడటం. ఒక మనిషి సాయం, ఒక టేపు చాలు.

చక్రం గాలిలో ఉన్నప్పుడు డస్ట్ సీల్ (పైపు చుట్టూ దుమ్మును ఆపే రబ్బరు రింగు) నుంచి కింది టీ (రెండు పైపులనూ కలిపి పట్టే కింది బిగింపు) దాకా పైపు పొడవు మొదటి కొలత. బండి ఒక్కటే నేల మీద నిటారుగా ఉన్నప్పుడు రెండోది. మీరు హెల్మెట్టు, జాకెట్టు, మామూలుగా మోసే సామానుతో సహా ఎక్కి కూర్చున్నాక మూడోది. ప్రతి కొలతకూ ముందు ఫోర్కును ఓసారి కిందికి నొక్కి మెల్లగా వదలండి, ఓసారి పైకి లాగి వదలండి. రెండు అంకెలు వస్తాయి, వాటి సగటు తీసుకోండి. ఎందుకంటే సీళ్ల రాపిడి వల్లే కొలత కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ పోతుంది.

మొదటి కొలతలోంచి మూడోది తీసేస్తే వచ్చేది రైడర్ శాగ్. మన రకం బండ్లకు అది మొత్తం ట్రావెల్‌లో, అంటే ఫోర్కు పూర్తిగా కుంగగల దూరంలో, దాదాపు మూడో వంతు ఉండాలి. ఎక్స్‌పల్స్ 200 ముందు ట్రావెల్ 190 మి.మీ., కాబట్టి 57 నుంచి 65 మి.మీ. మధ్య. పాత హిమాలయన్ 411కి 200 మి.మీ., కాబట్టి 60 నుంచి 70. నాది మొదటిసారి కొలిస్తే 80 దాటింది. ఇంత కుంగిన ఫోర్కులో ఏ ఆయిల్ పోసినా బండి సగం దారి దిగిపోయిన చోటునుంచే పని మొదలుపెడుతుంది.

## ఏ బాధకు ఏ మందు

| రోడ్డు మీద తెలిసేది | ముందు అనుమానించాల్సింది | ఆయిల్ మారిస్తే పోతుందా? |
|---|---|---|
| బ్రేకు పట్టగానే ముక్కు బాగా లోతుకు దిగడం | స్ప్రింగు మెత్తన, శాగ్ ఎక్కువ | దిగే వేగం తగ్గుతుంది, లోతు తగ్గదు |
| పెద్ద గోతిలో మాత్రమే "ఠంగ్" మని అడుగు కొట్టడం | ఆయిల్ మట్టం తక్కువ | చిక్కదనంతో కాదు, మట్టం పెంచితే పోతుంది |
| గుంత దాటాక ముందు భాగం రెండు మూడుసార్లు ఊగడం | ఆయిల్ పాతదై పలచబడటం | పోతుంది, ఇది నిజంగా ఆయిల్ జబ్బే |
| వరస గతుకుల మీద ఫోర్కు పైకి లేవకుండా కుంగుతూ గట్టిపడటం | ఆయిల్ మరీ చిక్కన | పలచనిది వేస్తే పోతుంది |
| ఒక్క పదునైన రాయికి మణికట్టు అదరడం | చిక్కటి ఆయిల్, టైరులో గాలి, ఇరుసు బిగింపు | మిగతా రెండూ చూశాక |
| చక్రం గాలిలోకి లేవగానే పైన "టక్" మనడం | స్పేసరు ఎక్కువ, లేదా ఆయిల్ మరీ పలచన | కొంత |

నాలుగో వరస గురించి ఒక మాట. రెండో గుంత వచ్చేలోపు ఫోర్కు పూర్తిగా తెరుచుకోకపోతే, మూడోదానికి ఇంకొంచెం కుంగి ఉంటుంది, నాలుగోదానికి ఇంకా. చివరికి ట్రావెలే మిగలదు. రైడర్‌కి అది "గట్టిగా ఉంది" అనిపిస్తుంది. స్ప్రింగు గట్టిపడిందనుకుని ఎవరూ స్ప్రింగు మార్చకూడదు, అక్కడ తప్పు ఆయిల్‌ది.

## సీసా మీద అంకె చెప్పేది సగమే

5డబ్ల్యూ, 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని చూసి కొనడం మనందరికీ అలవాటు. కానీ ఫోర్కు ఆయిళ్లలో ఆ అంకెలకు కంపెనీలన్నీ కట్టుబడే ప్రమాణం లేదు. ఒకరి 5డబ్ల్యూ ఇంకొకరి 10డబ్ల్యూకి దగ్గరగా ఉండొచ్చు. నిజమైన కొలత 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం, సెంటీస్టోకుల్లో. ప్రతి మంచి కంపెనీ దీన్ని తన సాంకేతిక పత్రంలో వేస్తుంది. ఫోన్‌లో వెతికితే రెండు నిమిషాల పని. నేను ఆ అంకె దొరకని ఆయిల్ కొనను.

| ఏ ద్రవం | 40 డిగ్రీల వద్ద సుమారు సెంటీస్టోకులు | నా మాట |
|---|---|---|
| 5డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ | 16 నుంచి 27, కంపెనీని బట్టి | కార్ట్రిడ్జ్ ఫోర్కులకు (లోపల విడి వాల్వులుండేవి), తేలిక రైడర్లకు |
| 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ | 32 నుంచి 47 | మామూలు డ్యాంపర్ రాడ్ ఫోర్కులకు (రంధ్రాల గొట్టం రకం, కింద వివరించాను) మొదటి ప్రయత్నం |
| 15డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ | 45 నుంచి 60 | గట్టి స్ప్రింగు వేశాకే ఆలోచించండి |
| డెక్స్‌రాన్ 3 రకం ఏటీఎఫ్ | 33 నుంచి 36 | అత్యవసరానికి పనికొస్తుంది |
| 20డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ | 100కు పైనే | వద్దు |

పట్టికలో 5డబ్ల్యూ వరస చూడండి. ఒకే పేరు కింద చిక్కదనం ఒకటిన్నర రెట్లు పైగా తేడా. కంపెనీ మార్చి అదే అంకె కొన్నా బండి మారిపోయిందని మనవాళ్లు ఆశ్చర్యపోయేది ఇందుకే. మొదటిసారి ఏ కంపెనీది వేశారో అదే పట్టుకుని ఉండండి, అప్పుడే పోల్చుకోవడానికి వీలుంటుంది.

రెండింటి మధ్యది కావాలంటే ఒకే కంపెనీ, ఒకే రకం ఆయిళ్లను కలపొచ్చు. అయితే లెక్క సూటిగా నడవదు. 18 ఉన్నదీ 36 ఉన్నదీ సగం సగం కలిపితే 27 రాదు, 25 దగ్గర వస్తుంది. పలచనిదే కాస్త ఎక్కువ లాగుతుంది.

సాంకేతిక పత్రంలో ఇంకో అంకె ఉంటుంది, విస్కాసిటీ ఇండెక్స్. వేడికీ చలికీ ఆయిల్ ఎంత మారుతుందో అది చెబుతుంది. అంకె పెద్దదైతే మార్పు తక్కువ. బీచ్ రోడ్డులోనే తిరిగేవాళ్లకు దీంతో పెద్ద పని లేదు. కానీ మే నెల ఉక్కపోతలో గాజువాక ట్రాఫిక్‌లో నడిపిన బండినే జనవరి తెల్లవారుజామున లంబసింగిలో స్టార్ట్ చేస్తే, సున్నాకు దగ్గరగా దిగిన ఆ చలిలో నాసిరకం ఆయిల్ బెల్లంపాకంలా ఉంటుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు ముందు చక్రం కర్రలా కొడుతుంది. శీతాకాలంలో కొండ ఎక్కే అలవాటున్నవాళ్లు సింథటిక్‌కి పెట్టే అదనపు డబ్బుకు ఫలితం ఇక్కడ కనబడుతుంది.

ఏటీఎఫ్ గురించి చాలామంది అడుగుతారు. ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ఎర్రటి ద్రవం అది. నురగ రాకుండా, సీళ్లు చెడకుండా తయారైనదే కాబట్టి ఫోర్కులో ప్రమాదం ఏమీ చేయదు. చిక్కదనం మామూలు 10డబ్ల్యూ దగ్గరే. పాడేరులోనో చింతపల్లిలోనో సీలు పోయి, ఫోర్కు ఆయిల్ దొరకకపోతే ఇదే వేయించుకుని ఇంటికి రండి. దీని ఇబ్బందల్లా ఒకటే: పైకీ కిందికీ మెట్లు లేవు. మీకు కొంచెం పలచనిదో కొంచెం చిక్కనిదో కావాలంటే ఏటీఎఫ్‌లో ఆ వరస దొరకదు.

ఇంజిన్ ఆయిల్ మాత్రం వేయనివ్వకండి. ఫోర్కులో సన్నటి రంధ్రాలున్నాయి. గుంతలో పడ్డప్పుడు క్షణంలో ఆయిల్ వాటిలోంచి దూరిపోవాలి. వంద దాటిన చిక్కదనం ఉన్నది దూరలేదు, ఫోర్కు ఆ క్షణానికి ఇనప కడ్డీ అయిపోతుంది.

## చిక్కటి ఆయిల్‌కి అసలు పరిమితి ఎక్కడుంది

ఎక్స్‌పల్స్, పాత హిమాలయన్ లాంటి బండ్లలో ఉన్నది డ్యాంపర్ రాడ్ ఫోర్కు. లోపల ఒక గొట్టం, దాని అడుగున పెద్ద రంధ్రాలు, పైన చిన్న రంధ్రాలు. కుంగేటప్పుడు ఆయిల్ పెద్దవాటిలోంచి, లేచేటప్పుడు చిన్నవాటిలోంచి పోతుంది. రంధ్రం పరిమాణం ఎప్పుడూ ఒకటే. వేగం రెట్టింపైతే రంధ్రం చూపే అడ్డు దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే ఇదే ఫోర్కు బ్రేకు పట్టినప్పుడు మెత్తగా, రాయి తగిలినప్పుడు రాయిలా ఉంటుంది.

చిక్కటి ఆయిల్ ఈ రెండు చివరలనూ కలిపి పైకి లేపుతుంది. బ్రేకు దగ్గర మీకు కావాల్సిన కొద్దిపాటి బిగువు రావాలంటే, రాయి దగ్గర అక్కర్లేని పెద్ద దెబ్బకు ఒప్పుకోవాలి. కుంగడం, లేవడం కూడా కలిసే మారతాయి, ఒకటి వదిలి ఒకటి మార్చలేం. అంచేత నేను చెప్పేది: డ్యాంపర్ రాడ్ ఫోర్కులో ఆయిల్ చిక్కదనాన్ని బండి ఎలా పైకి లేస్తోందో చూసి ఎంచుకోండి. గుంత దాటాక ఒక్కసారి లేచి, కొద్దిగా కూర్చుని ఆగిపోతే సరైన ఆయిల్. ఇంకా ఊగితే ఒక మెట్టు చిక్కనిది. మెల్లగా మూలుగుతూ లేస్తే ఒక మెట్టు పలచనిది. కుంగడం సంగతి చూసుకోవడానికి వేరే దారులున్నాయి.

## ఆయిల్ మట్టం: చవకైనది, మనవాళ్లు వాడనిది

ఫోర్కులో ఆయిల్ పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే. ఫోర్కు కుంగుతున్నకొద్దీ ఆ గాలి నలిగి ఎదురు తిరుగుతుంది. మొదటి సగంలో దాని బలం తెలియదు, చివరి మూడో వంతులో బాగా తెలుస్తుంది. ఆయిల్ మట్టం పెంచితే గాలికి చోటు తగ్గి, చివర్లో ఫోర్కు గట్టిపడుతుంది. చిన్న గతుకుల మీద మెత్తదనం అలాగే ఉంటుంది. పెద్ద గోతిలో అడుగు కొట్టే జబ్బుకు ఇంతకంటే తక్కువ ఖర్చు మందు నాకు తెలియదు.

మన షాపుల్లో చాలామంది కొలగ్లాసుతో ఇన్ని ఎం.ఎల్. అని పోస్తారు. పాత ఆయిల్ ఎంతో కొంత లోపలే మిగిలిపోతుంది కాబట్టి రెండు కాళ్లలో మట్టం ఒకటిగా ఉండదు. మట్టాన్నే కొలవాలి: స్ప్రింగు తీసేసి, ఫోర్కును పూర్తిగా మూసి, గొట్టం పై అంచు నుంచి ఆయిల్ దాకా ఎన్ని మి.మీ. ఉందో. మీ బండికి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. అక్కడ మొదలుపెట్టి, అడుగు కొడుతుంటే మట్టాన్ని 5 మి.మీ. చొప్పున పెంచండి, అంటే పై అంచు నుంచి కొలిచే దూరం అంత తగ్గాలి. 10 మి.మీ. మట్టానికి ఒక్కో కాలికి సుమారు 8 నుంచి 10 ఎం.ఎల్. పడుతుంది, అంటే మందుల షాపులో దొరికే 10 ఎం.ఎల్. సిరంజి, సన్నటి గొట్టం ముక్క చాలు. మాన్యువల్ చెప్పిన దానికంటే 20 మి.మీ.కి మించి పెంచకండి. గాలి ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది, కారడం మొదలవుతుంది.

ఫోర్కు ఎంత దిగుతోందో తెలుసుకోవడానికి పైపుకు ఒక జిప్ టై కట్టండి. రబ్బరు బూట్లున్న బండ్లలో బూటు పైకి జరిపి లోపల కట్టాలి. ఓ రైడ్ తర్వాత అది ఎక్కడ ఆగిందో చూడండి. నెలకో రెండుసార్లు మాత్రమే చివరిదాకా పోతుంటే మట్టం సరిపోయింది. ప్రతి ఆదివారం పోతుంటే చాలదు. ఎన్నాళ్లయినా చివరి 40 మి.మీ. దాకా పోకపోతే మీరు ఉన్న ట్రావెల్‌ను వాడుకోవడం లేదు, మట్టం తగ్గించండి.

## స్పేసరు, స్ప్రింగు, ఎమ్యులేటర్

స్పేసరు అంటే స్ప్రింగు పైన పెట్టే గొట్టం ముక్క. శాగ్ తగ్గుతుంది, బండి కాస్త ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగు బలం మాత్రం మారదు. 5 నుంచి 15 మి.మీ. దాకా పర్వాలేదు. పీవీసీ గొట్టంతో చేసుకునేవాళ్లున్నారు, రెండు చివరలా స్టీలు వాషర్లు తప్పనిసరి. ఆటోనగర్‌లో ఏ లేతు షాపులో అడిగినా అల్యూమినియంతో కొలతకు కోసి ఇస్తారు, నేను అదే వాడాను.

స్పేసరు చాలదని ఎలా తెలుస్తుంది? రైడర్ శాగ్ సరిచేయడానికి స్పేసరు పెంచుతూ పోతే, బండి ఒక్కటే నిలబడ్డప్పటి శాగ్ 15, 20 మి.మీ.కి పడిపోతుంది. 200 మి.మీ. ట్రావెల్‌కి అది 25 నుంచి 35 మధ్య ఉండాలి. అలా పడిపోయిందంటే మీ బరువుకు స్ప్రింగు మెత్తన అని తేలిపోయినట్టే. గట్టి స్ప్రింగు కొనండి. బండిని మాత్రమే చూడకుండా మీ బరువు, సామాను బరువు అడిగి స్ప్రింగు ఇచ్చేవాళ్ల దగ్గర కొనండి.

ఎమ్యులేటర్ అనేది డ్యాంపర్ రాడ్ పైన కూర్చునే చిన్న వాల్వు. వేగంగా దెబ్బ తగిలితే తెరుచుకుని ఆయిల్‌ను వదిలేస్తుంది, నెమ్మదిగా కుంగితే అడ్డుకుంటుంది. అంటే బ్రేకు దగ్గర బిగువు, రాయి దగ్గర మెత్తదనం. ఇందుకు డ్యాంపర్ రాడ్ అడుగు రంధ్రాలను డ్రిల్లు చేసి పెద్దవి చేయాలి, కాబట్టి మళ్లీ వెనక్కి పోవాలంటే కొత్త రాడ్లు కొనాలి. వేశాక కుంగడం వాల్వుతో, లేవడం ఆయిల్ చిక్కదనంతో విడివిడిగా సరిచేసుకోవచ్చు. నెలకు రెండుసార్లయినా మట్టిలో తిరిగేవాళ్లకే దీని ఖర్చు తగుతుంది.

| దారి | ఖర్చు | చిన్న గతుకుల మీద | బ్రేకు, బరువు దగ్గర | వెనక్కి మార్చుకోవడం |
|---|---|---|---|---|
| పాత గ్రేడు కొత్త ఆయిల్ | తక్కువ | మెరుగు | కొద్దిగా | సులభం |
| ఒక మెట్టు చిక్కటి ఆయిల్ | తక్కువ | గట్టిపడుతుంది | వేగం తగ్గుతుంది, లోతు కాదు | సులభం |
| మట్టం పెంచడం | దాదాపు లేదు | మార్పు లేదు | చివర్లో గట్టి | చాలా సులభం |
| స్పేసరు | తక్కువ | కొద్దిగా గట్టి | ఓ మోస్తరు | సులభం |
| గట్టి స్ప్రింగు | మధ్యస్థం | ఓ మోస్తరు | బాగా మెరుగు | సులభం |
| ఎమ్యులేటర్ | ఎక్కువ | బాగా మెరుగు | బాగా మెరుగు | కష్టం |

## ఎవరికి ఏది

బరువు 60 కిలోల లోపు, ఎంవీపీ కాలనీ నుంచి ఆఫీసు, ఆదివారం రుషికొండ: కంపెనీ చెప్పిన గ్రేడులోనే మంచి ఆయిల్ వేయించి, రెండేళ్లకోసారో 15, 20 వేల కిలోమీటర్లకోసారో మార్చండి. ఇంకేమీ వద్దు. పాత ఆయిల్ బూడిద రంగులో, కుళ్లు వాసనతో వస్తే ఆశ్చర్యపడకండి. అందులో బుష్‌ల నుంచి రాలిన లోహపు పొడి ఉంటుంది. చాలామందికి "కొత్త బండిలా అయింది" అనిపించేది ఇలా చిక్కదనం మార్చకుండా తాజా ఆయిల్ వేసినప్పుడే.

ఎనభై కిలోలు దాటినవాళ్లు, భార్యతోనో స్నేహితుడితోనో సామాను కట్టుకుని అరకు వెళ్లేవాళ్లు: మీ డబ్బు ముందు స్ప్రింగు మీద పెట్టండి. స్ప్రింగు గట్టిపడ్డాక అది వెనక్కి తన్నే బలం కూడా పెరుగుతుంది, దాన్ని ఆపడానికి ఆయిల్ ఒక మెట్టు చిక్కనిది కావాలి. చిక్కటి ఆయిల్ న్యాయంగా అవసరమయ్యే సందర్భం ఇదే. వెనక షాకబ్జర్ ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే బిగింపు) కూడా పెంచడం మరవకండి. వెనక కుంగి ముందు లేస్తే హ్యాండిల్ తేలిపోయినట్టుంటుంది, ఆ తప్పు ఫోర్కు మీద పడుతుంది.

కొండ బాటల్లో, వాగులు దాటుతూ తిరిగేవాళ్లు: ఆయిల్ పలచన వైపు ఉంచి, మట్టం 10 మి.మీ. పెంచి చూడండి. చక్రం రాయిని తడుముతూ పోవాలి, చివర్లో మాత్రం ఆదుకోవాలి. ఆ తర్వాతే ఎమ్యులేటర్ సంగతి. వాగులో ఫోర్కు మునిగాక ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారితే నీళ్లు చేరినట్టు, వెంటనే మార్చాలి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం బండి దించకండి. అది రక్షిత భూవారసత్వ ప్రదేశం, ఒక్క టైరు చార కూడా అక్కడ కోత మొదలుపెడుతుంది.

హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, ఎక్స్‌పల్స్ 4వీ ప్రో లాంటి కొత్త బండ్లవాళ్లు: మొదటి రెండింటిలో తలకిందుల ఫోర్కు, 43 మి.మీ. పైపులు, లోపలి ఏర్పాటే వేరు. కంపెనీ చెప్పిన ఆయిలే వేయండి, చిక్కదనంతో ప్రయోగాలు వద్దు. పైన తిప్పే అడ్జస్టర్లున్న వేరియంటయితే ముందు కుడివైపు చివరిదాకా మెల్లగా తిప్పి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి రాసుకోండి. ఆపైన రెండేసి క్లిక్కులు మార్చి చూడండి. ప్రో ముందు ట్రావెల్ 250 మి.మీ., దాని మూడో వంతు శాగ్ అంటే 80 మి.మీ. పైమాటే, కంగారుపడక్కర్లేదు.

## ఉప్పు గాలి సంగతి

బీచ్ రోడ్డు పక్కన ఇల్లున్నవాళ్లకు ఆయిల్ కంటే ముందు పోయేది పైపు. క్రోము మీద ఉప్పు తేమ నిలిచి సన్నటి తుప్పు గుంటలు పడతాయి, అవి సీలు పెదవిని కోస్తాయి. పోర్టు వైపు తిరిగే బండ్లకు దీనికి తోడు నల్లటి దుమ్ము అంటుకుంటుంది. వారానికోసారి మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో పైపు తుడవండి. రబ్బరు బూట్లుంటే మేలే, కానీ చిరిగిన బూటు లోపల తేమను దాచిపెడుతుంది, దాన్ని మార్చేయండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ను డస్ట్ సీల్ మీదికి నేరుగా కొట్టనివ్వకండి.

సీలు కొద్దిగా కారుతుంటే వెంటనే మార్చనక్కర్లేదు. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి వేలెడు వెడల్పు ముక్క కత్తిరించి, చివర కొక్కెంలా చేసి, డస్ట్ సీల్‌ను పైకి జరిపి (తలకిందుల ఫోర్కయితే కిందికి), ఆయిల్ సీలు చుట్టూ ఒక్క తిప్పు తిప్పి లాగండి. ఇసుక రేణువు బయటికి వచ్చిందంటే కారడం ఆగిపోతుంది. పైపు మీద గోరు పెట్టి లాగితే తగిలే గుంట ఉంటే మాత్రం ఎన్ని సీళ్లు మార్చినా నిలవవు, పైపు సంగతే చూడాలి. కారిన ఆయిల్ బ్రేకు డిస్కు మీదికి చేరుతుంటే ఆ బండిని అస్సలు నడపకండి.

## పని చేయించేటప్పుడు పక్కనే ఉండండి

మూత విప్పుతున్నప్పుడు స్ప్రింగు బలంతో మూత ఎగురుతుంది, ముఖం పక్కకు పెట్టమనండి. ఫోర్కును బండి మీద నుంచి దించి, తలకిందులుగా పెట్టి, ఇరవై ముప్పైసార్లు ఆడించి పాత ఆయిల్ కార్చాలి. డ్రెయిన్ స్క్రూ విప్పి వదిలేస్తే అడుగున మడ్డి మిగిలిపోతుంది. కొత్త ఆయిల్ పోశాక గాలి బుడగలు పోయేదాకా మెల్లగా ఆడించి, పది నిమిషాలు వదిలేసి, అప్పుడే మట్టం కొలవాలి. రెండు పైపులూ టీలోంచి ఒకే ఎత్తుకు పైకి వచ్చాయో లేదో స్కేలు పెట్టి చూడండి. రెండు మి.మీ. తేడా వచ్చినా ఇరుసు సరిగ్గా కూర్చోదు. పాత ఆయిల్‌ను కాలువలో పోయనివ్వకుండా వాడేసిన ఇంజిన్ ఆయిల్ డబ్బాలో పోయించండి. ఇక్కడ ఏ కాలువైనా చివరికి చేరేది సముద్రంలోకే.

తర్వాత మీ ఇంటి దగ్గరే రెండు కిలోమీటర్ల దారి ఒకటి ఎంచుకోండి. ఒక స్పీడ్ బ్రేకరు, ఒక తెలిసిన గొయ్యి, గట్టిగా బ్రేకు పట్టడానికి వీలున్న ఖాళీ చోటు, కాస్త కంకర ఉండాలి. నాకు మధురవాడ వెనక అలాంటి దారి ఉంది. ఏది మార్చినా ఒక్కటే మార్చి, అదే దారిలో, అదే వేగంతో తిరిగి, తేదీ, ఆయిల్ పేరు, సెంటీస్టోకులు, మట్టం, శాగ్ చిన్న పుస్తకంలో రాస్తాను. మొదటి యాభై కిలోమీటర్ల తర్వాత టీ బోల్టులు, ఇరుసు బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి, సీళ్ల చుట్టూ తెల్ల గుడ్డ తిప్పి చూడండి. గుడ్డ పొడిగా వస్తే ఆ వారం కొండెక్కండి.